శ్రావణంలో పుట్టాడు, మార్చిలో మేజరయ్యాడు: మా హోమ్ నుంచి ఒక కేసు

కేస్ షీట్ మొదటి పేజీలో వయసు అన్నచోట నా చేతిరాతతో '17' అని ఉంది. పక్కనే బ్రాకెట్లో 'శ్రావణంలో 18 నిండుతాయి - తల్లి చెప్పినది' అని రాసుకున్నాను. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు ఆ ఒక్క లైన్లోనే ఉంది. జబ్బును సరిగ్గానే గుర్తించాం, మందులు సరిగ్గానే పడ్డాయి. తప్పింది పుట్టినరోజు దగ్గర.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్ని. అనంతపురానికి కాస్త అవతల, మానసిక జబ్బులున్నవాళ్ల కోసం ఒక ట్రస్టు నడిపే చిన్న హోమ్‌లో పని. మగవాళ్ల హాలు ఒకటి, ఆడవాళ్ల హాలు ఒకటి, పద్దెనిమిది నిండని పిల్లలకు విడిగా మూడు గదులు. సైకియాట్రిస్టు వారానికి రెండుసార్లు వస్తారు, మిగతా రోజుల్లో ఫోన్లో అందుబాటులో ఉంటారు. ఇచ్చుకోగలిగినవాళ్లు ఇస్తారు, లేనివాళ్ల ఖర్చు చందాల మీద నడుస్తుంది. ఈ కుర్రాణ్ణి ఇక్కడ శ్రీను అంటాను. పేరూ ఊరూ మార్చాను, ఇంటివాళ్ల వివరాలు కొన్ని అటూ ఇటూ చేశాను. రాసింది మొత్తం వాడికి చదివి వినిపించి ఒప్పుకున్నాకే బయటపెడుతున్నాను. వాడు అడిగిన సవరణ ఒక్కటే: "నేను గీసిన మ్యాపు తప్పని మాత్రం రాయొద్దక్కా. లెక్క కరెక్టే."

ఆ మ్యాపు సంగతికి వస్తాను.

ఊరు కళ్యాణదుర్గం వైపు. నాలుగెకరాల మెట్ట, వానొస్తే చెనిక్కాయ, రాకపోతే బీడు. తండ్రి బెంగుళూరులో కట్టే బిల్డింగుల దగ్గర వాచ్‌మన్, నెలకోసారి వస్తాడు. తల్లి కూలికి పోతుంది. పదో తరగతిలో మంచి మార్కులు రావడంతో శ్రీనును రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో వేశారు. పొద్దున ఐదుకు లేపుతారు, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్. రెండో సంవత్సరం సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చినవాడు మళ్లీ కాలేజీకి పోలేదు.

పండగ మూడు రోజులూ నిద్ర లేదు. మాట ఆగదు. హంద్రీ-నీవా నీళ్లు మా చేనుకు నేనే తెస్తానని నోటుబుక్కు నిండా గీతలు గీశాడు. మాల్యాల దగ్గర శ్రీశైలం వెనక నీళ్లు ఎత్తిపోయడం, అక్కడి నుంచి జీడిపల్లి రిజర్వాయరు, అక్కడి నుంచి నేరుగా వాళ్ల నాలుగెకరాలకు ఒక కాలవ. ముఖ్యమంత్రికి పదకొండు ఉత్తరాలు రాశాడు. కాలవ ఎక్కడి నుంచి పోవాలో చూపిస్తానని ఒక రాత్రి చెప్పుల్లేకుండా పద్నాలుగు కిలోమీటర్లు నడిచాడు. అడ్డం పోయిన మామను కొట్టాడు.

మాల్యాల నుంచి జీడిపల్లికి నీళ్లు నిజంగానే వస్తాయి. ఈ జిల్లాలో నీళ్ల కోసం కలవరించని ఇల్లు లేదు. అందుకే మొదటి నాలుగు రోజులు ఊళ్లో ఎవరికీ అది జబ్బులా కనబడలేదు. "పిల్లోడు బాగా సదువుకున్యాడు, పెద్దపెద్ద మాటలు మాట్లాడతాండాడు" అనుకున్నారట. గొప్పలు పోయే భ్రమ కూడా ఇంటి నేలలోంచే మొలుస్తుంది, ఇంటివాళ్లకు అందుకే ఆలస్యంగా కనబడుతుంది.

తర్వాత గాలి సోకిందన్నారు. కసాపురం తీసుకుపోయి ఆంజనేయస్వామికి మొక్కుకున్నారు, తాయెత్తు కట్టించారు. దానికి నేనేమీ అనను. గుడికి పోయినందుకు ఎవరి జబ్బూ ముదరదు, మాత్రలు మానేసి గుడికి పోతేనే ముదురుతుంది. ఆశా కార్యకర్త 14416కు ఫోన్ చేయించింది, అది టెలి మానస్ నంబరు. వాళ్లు పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి పొమ్మన్నారు. ఓపీలో మాత్రలు రాశారు. వాడు నాలుక కింద పెట్టుకుని పెరట్లో ఉమ్మేశాడు. వారం గడిచింది, రాత్రికి గంటన్నర నిద్ర. ఫిబ్రవరి 2న మా దగ్గరికి తెచ్చారు.

చేర్చుకోవడం

మైనరును చేర్చుకోవడానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 87వ సెక్షన్ ఉంది. ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. ఇద్దరూ సైకియాట్రిస్టులు కానక్కర్లేదు, ఒకరైతే చాలు. మా దగ్గర డాక్టరు గారూ నేనూ చూస్తాం. ఇంటి దగ్గరుంచి నయం చేసే దారులు సరిపోలేదని తేలాలి. పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. 72 గంటల్లోగా మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలపాలి. వీటిలో ఏదీ మాకు కొత్త కాదు. ప్రతిసారీ కుటుంబం నడుం విరిచేది ఇంకొకటి: గార్డియన్ గానీ ఆయన నియమించిన మనిషి గానీ, పిల్లవాడు ఉన్నన్ని రోజులూ పక్కనే ఉండాలి.

నిబంధన మంచిదే. కానీ తల్లి ఇక్కడ కూర్చుంటే కూలి పోతుంది, తండ్రి కూర్చుంటే ఉద్యోగమే పోతుంది. ఆఖరికి తల్లి వాళ్లమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, రెండు చీరలు, ఒక సంచి, మోకాళ్ల నొప్పుల మాత్రల డబ్బా.

లోపలికి రాగానే అవ్వ మంచం కోళ్ల వైపు వంగి చూసింది. ఏం చూస్తున్నావవ్వా అంటే, "గొలుసు యాడుండాది?" అంది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఒకాయన్ని చింతచెట్టుకు కట్టేసి ఉంచేవాళ్లట. నేను 2001 ఆగస్టు 6 గురించి చెప్పాను. తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది, మంటలు వచ్చినప్పుడు లేచి పరిగెత్తలేక చనిపోయిన రోజు. ఇప్పుడు ఎవరినైనా, ఏ రకంగానైనా గొలుసుతో కట్టడం చట్టప్రకారం నిషేధం. అవ్వ అంతా విని, "మంచం మాత్రం గోడకాడికి జరపు పాపా, నేను ఈ పక్క పండుకుంటా" అంది. వాడు లేస్తే తనను దాటి పోవాలని ఆమె లెక్క.

జబ్బు

డాక్టరు గారికి మొదటి రోజే బైపోలార్ మేనియా అనిపించింది. బైపోలార్ అంటే మనసు కొన్నాళ్లు అతిగా ఎగసి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బు; ఆ ఎగసిన దశ మేనియా. ఊరికే మాట తొందర కాదు, నిద్ర అక్కర్లేకపోవడం ముఖ్యమైన గుర్తు. నిద్ర పట్టక బాధపడేవాళ్లు వేరు, రెండు గంటలు పడుకుని కోడిపుంజులా లేచి తిరిగేవాళ్లు వేరు. టీవీలో తన పేరు వస్తోందన్నాడు కాబట్టి స్కిజోఫ్రీనియా కాదు కదా అన్న అనుమానం రెండు రోజులు ఉంది.

దాన్ని తేల్చింది అవ్వ. ఒక మధ్యాహ్నం వంటింటి వసారాలో మాతో బుడ్డలు ఒలుస్తూ, అడగకుండానే చెప్పింది. "పోయిన ఎండాకాలం రెండు నెల్లు గోడకేసి తిరిగి పండుకున్యాడు. ముద్ద పెడితే రెండు కవళాలు. సోమరిపోతు అని వాళ్ల నాయన తిట్టె." అది సోమరితనం కాదు, డిప్రెషన్. మేనియా ఒక్కసారి వచ్చినా బైపోలార్ అనడానికి చాలు, నిజమే. కానీ వెనక ఒక కుంగుబాటు ఉందని తెలిస్తే ముందు చూపు మారుతుంది: మళ్లీ ఎప్పుడైనా మంచం పట్టినప్పుడు ఎవరో తెలియక డిప్రెషన్ మాత్ర ఒక్కటే రాసిస్తే, మళ్లీ మేనియాలోకి ఎగబాకే ప్రమాదం ఉందని ఫైల్లో ఎర్ర సిరాతో రాసిపెట్టాం. తండ్రి చిన్నాన్న ఒకాయన రెండుమూడేళ్లకోసారి 'సన్యాసం పుచ్చుకునే'వాడనీ, మళ్లీ వచ్చి మూలన కూర్చునేవాడనీ కూడా ఆ వసారాలోనే తెలిసింది. నేను గంటన్నర కూర్చుని రాసిన కేస్ హిస్టరీలో ఈ రెండూ లేవు.

కాలేజీ వల్ల జబ్బు వచ్చిందని తండ్రి వాదన. నేను అలా అనను. వచ్చే గుణం ఉన్నవాడికి నెలల తరబడి నిద్ర కోసేస్తే అది ముందే బయటపడుతుంది, అంతవరకే. అయితే వాడి ఒరిజినల్ మెమోలు ఫీజు బాకీ తీరేదాకా ఇవ్వమని కాలేజీవాళ్లు కూర్చున్నారు. ఆ మాట ఇక్కడ ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

మనసు ఎగుడుదిగుడుల్ని నిలకడగా ఉంచే లిథియం రోజుకు 900 మిల్లీగ్రాములు, మేనియాను తగ్గించే ఓలాంజపిన్ రాత్రికి 10. మొదలుపెట్టేముందు కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు. లిథియం రక్తంలో ఎంతుందో చూడాలంటే ఆఖరి మాత్ర వేసిన 12 గంటలకు రక్తం తీయాలి. పొద్దున మాత్ర మింగేసి ల్యాబుకు పోతే వచ్చే అంకె దేనికీ పనికిరాదు, ఈ పొరపాటు మా దగ్గర కూడా జరిగిన సందర్భాలున్నాయి. మొదటి లెవెల్ 0.8 వచ్చింది. అంటే కావలసినంత ఉంది.

మందుకన్నా మేం ఎక్కువ చూసుకునేది నిద్ర చార్టు. రాత్రి డ్యూటీ మనిషి గంటకోసారి వచ్చి చూసి పెన్సిల్‌తో గడి నింపుతాడు. మొదటి వారం రెండు గడులు. రెండో వారం నాలుగు. మూడో వారం చివర ఒక రాత్రి ఏడు గడులు నిండాయి. పొద్దున శ్రీను వచ్చి ఆ కాగితం చూసి, "ఇదంతా నేనేనా" అన్నాడు. ఆ రోజు నుంచి పెన్సిల్ వాడికే ఇచ్చాను. లేచాక తనకు గుర్తున్నది వేరే కాగితంలో తనే నింపేవాడు, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లం. ఆ పని ఎందుకు పెట్టానో అప్పుడు నాకూ పూర్తిగా తెలియదు. తర్వాత అదే మమ్మల్ని ఆదుకుంది.

ఆధార్ జిరాక్స్

మైనరు ముప్పై రోజులు దాటి ఉంటే వెంటనే బోర్డుకు తెలపాలి, బోర్డు ఏడు రోజుల్లో సమీక్షించాలి. మార్చి 3న ఆ కాగితాలు సిద్ధం చేస్తూ డాక్టరు గారు నన్ను పిలిచారు. వేలు ఆధార్ జిరాక్స్ మీద ఉంది. పుట్టిన తేదీ మార్చి 12. అంటే తొమ్మిది రోజుల్లో పద్దెనిమిది నిండుతాయి.

తల్లికి ఫోన్ చేశాను. "శ్రావణమే మేడం, వరలక్ష్మీ వ్రతం పోయిన ఆదివారం పుట్నాడు. బళ్లో ఒకటో తరగతిలో ఏసేతప్పుడు వయసు సాల్దని అయ్యవారు ముందుకు జరిపినాడు" అంది. మన పల్లెల్లో ఇది మామూలే, నాకు తెలియనిదేం కాదు. మా అన్న పుట్టినరోజు కూడా అయ్యవారు పెట్టిందే. చేర్చుకున్న రోజు పదో తరగతి మెమో చేతిలో ఉంటే చూసి ఉండేదాన్నేమో, అది కాలేజీలో ఇరుక్కుంది. కానీ ఆధార్ జిరాక్స్ మొదటి రోజు నుంచీ ఫైల్లోనే ఉంది. తల్లి మాట రాసుకుని కాగితం తిప్పి చూడలేదు.

తొమ్మిది రోజులకూ ఐదు నెలలకూ ఉన్న తేడా ఇది. మైనరుగా చేరినవాడికి లోపలుండగా పద్దెనిమిది నిండితే, 88వ సెక్షన్ ప్రకారం ఆ క్షణం నుంచి వాడు స్వతంత్ర పేషెంటు. తండ్రి పెట్టిన సంతకం చెల్లదు. వెళ్తానంటే పంపించాలి. ప్రమాదం ఉందనిపిస్తే పరీక్ష కోసం 24 గంటలు మాత్రం ఆపవచ్చు.

ఆ తొమ్మిది రోజుల్లో మేం చేసిందంతా మొదటి రోజు చేయాల్సింది. వాడికేం కావాలో అడగడం. నెల రోజులుగా వాడి గురించి వాళ్లమ్మతో, నాయనతో, అవ్వతో మాట్లాడాం. మందు ఏమిటో వాడికి చెప్పాం, ఉంటావా అని మాత్రం అడగలేదు. సంతకం తండ్రిది కాబట్టి అడగాల్సిన అవసరం తోచలేదు. మైనరుకు ఓటు లేకపోయినా అభిప్రాయం ఉంటుందని క్లాసుల్లో చెప్పేదాన్ని నేనే.

అడిగితే మొదటి జవాబు: "పోతా."

రెండో రోజూ అదే. మూడో రోజు కొంచెం వివరంగా. మాత్రలతో నాలుగు కిలోలు పెరిగాడు. చెయ్యి సన్నగా వణుకుతోంది. పక్క గదిలో పిల్లవాడు రాత్రిళ్లు ఏడుస్తాడు. అన్నిటికన్నా, "అవ్వ ఈడ నాకోసం నేల మీద పండుకుంటాంది. నాకు సిగ్గుగా ఉండాది." మంచం ఇచ్చాం, ఆమే వద్దంది. ఆ సంగతి వాడికి చెప్పినా సిగ్గు పోలేదు.

ఇక్కడ నా మనసులో మాట దాచకుండా రాస్తాను. 24 గంటల నిబంధనను బెదిరింపుగా వాడుకుందామని నాకనిపించింది. 'వెళ్తానంటే పరీక్ష పెట్టి వేరే సెక్షన్ కింద ఆపుతాం' అంటే కుర్రాడు తగ్గుతాడు. డాక్టరు గారు ఒకే ప్రశ్న వేశారు: "వాడు తనకు గానీ ఇంకొకరికి గానీ హాని చేసుకునేట్టు ఉన్నాడా, తన పనులు తాను చూసుకోలేకపోతున్నాడా?" లేదు. ఏడు గంటలు నిద్రపోతున్నాడు, తన గిన్నె తను కడుక్కుంటున్నాడు, మ్యాపు గురించి అడిగితే నవ్వుతున్నాడు. "అయితే ఏ కాగితం మీద ఆపుతావు?" అన్నారు.

మిగిలిన రోజులు ఒకే పనికి పెట్టాం. ఒక పెద్ద చార్టు మీద వాడి చేతనే రాయించాను: రెండు రాత్రులు వరసగా ఐదు గంటలకన్నా తక్కువ నిద్రపోతే ఎవరికి చెప్పాలి, లిథియం వేసుకుంటూ ఏవి చేయకూడదు. ఈ రెండోది మా జిల్లాలో చావుబతుకుల విషయం. లిథియానికీ ఉప్పుకూ నీళ్లకూ లంకె. ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోయినా, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. బెంగుళూరు డాక్టరు రాసిచ్చిన మోతాదే అనంతపురం ఏప్రిల్లో విషమయ్యే వీలుంది. 'నొప్పుల మాత్రలు అడక్కుండా వేసుకోకూడదు' అని కూడా రాశాడు. అది వాడికి చెప్పాను. అవ్వకు చెప్పలేదు.

మార్చి 13 మధ్యాహ్నం, అవ్వా మనవడూ కళ్యాణదుర్గం బస్సెక్కారు. సాయంత్రం తండ్రి ఫోన్. "మీరెట్ల పంపిస్తారు మేడం? నేను సంతకం పెట్టినా కదా! పిల్లోడికేం తెలుస్తాది?" పావుగంట తిట్టాడు. చట్టం చెప్పాను, వినలేదు. వినకపోవడంలో తప్పేమీ లేదు. మొన్నటిదాకా మేమూ ఆయన సంతకాన్నే పట్టుకుని కూర్చున్నాం కదా.

ముద్ద పట్టుకున్న చెయ్యి

ఏప్రిల్ రెండో వారం, రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్. "అక్కా, సంగటి ముద్ద పట్టుకుంటే చెయ్యి వణకతాంది. ముందటి మాదిరి కాదు. ముద్ద ఊరిబిండిలో పడిపోతాంది." అంతవరకూ నేను 'మేడం'ని. పొద్దున్నుంచి నాలుగుసార్లు విరేచనాలు, నడిస్తే తూలుతోంది. ఎండలో ఏమైనా పని చేశావా అంటే లేదు. కొత్త మాత్ర ఏదైనా? పంటి నొప్పికి అవ్వ తన మోకాళ్ల మాత్ర ఇచ్చిందట, మూడు రోజులుగా, పూటకొకటి. డైక్లోఫెనాక్. లిథియాన్ని కిడ్నీలు బయటికి పంపకుండా అడ్డుపడే మందుల్లో అదొకటి.

ఆ రాత్రే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి రప్పించాం. లెవెల్ 1.6. లిథియం ఆపేసి సెలైన్ ఎక్కించారు. రెండు రోజుల్లో వణుకు తగ్గింది. కానీ లిథియం ఆగేసరికి నిద్ర జారడం మొదలైంది. ఆసుపత్రి మంచం మీద కూర్చుని శ్రీను తన నిద్ర కాగితం తీశాడు, ఇంటికి పోయాక కూడా ఒక్క రోజు మానకుండా నింపాడు. ఆరు, ఆరున్నర, ఐదు, మూడు. "మూడు రెండోసారి రాకముందే వస్తా" అన్నాడు.

వచ్చాడు. ఈసారి మగవాళ్ల హాలు, 86వ సెక్షన్, దరఖాస్తు వాడిదే. పదహారు రోజులున్నాడు. లిథియం 600తో మళ్లీ మొదలుపెట్టాం, లెవెల్ 0.7 దగ్గర నిలిచింది, ఓలాంజపిన్ సగానికి తగ్గింది. ఆ హాల్లో ఇరవై ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనుషులున్నారు. వాళ్లను చూసి బెదురుతాడేమోనని నా భయం. వాడు వాళ్లలో ఒక రిటైర్డ్ లైన్‌మన్‌తో కూర్చుని పంపుసెట్ల హార్స్‌పవర్ గురించి మాట్లాడుకున్నాడు.

అవ్వ విషయం నాకు ఎక్కువ కష్టమైంది. పిల్లవాడికి విషం పెట్టినట్టు కుమిలిపోయింది. ఆమె చేతిలో మాత్రల డబ్బా ఉందని మొదటి రోజు నుంచీ నాకు తెలుసు, మరి ఆమెకు ఎందుకు చెప్పలేదన్నది నా ప్రశ్న. చదువు రాదు కదా అని చార్టు మనవడికి మాత్రమే ఇచ్చాను. ఇప్పుడు మా దగ్గర లిథియం మొదలుపెడితే ఇంట్లో ఎవరెవరు ఏ మాత్రలు వాడుతున్నారో డబ్బాలతో సహా తెప్పించి చూస్తున్నాం. చేర్పించే ఫారంలో పుట్టినరోజుకు రెండు గడులు పెట్టాం, ఇంట్లో చెప్పేది ఒకటి, కాగితం మీద ఉన్నది ఒకటి.

ఇది రాసేనాటికి శ్రీను ఊళ్లోనే ఉన్నాడు. ఇంటర్ పరీక్షలు పోయాయి, సప్లిమెంటరీకి కట్టలేదు. కళ్యాణదుర్గంలో ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపులో కూర్చుంటున్నాడు. తండ్రితో మాటలు సరిగా లేవు. మధ్యలో ఒకసారి ఐదు రోజులు మాత్రలు మానేశాడు, తనే చెప్పాడు. మళ్లీ కుంగుబాటు ఎప్పుడు వస్తుందోనని నేను వేసవిని చూస్తూ ఉంటాను.

రెండోసారి డిశ్చార్జి అయ్యే రోజు నామినేటెడ్ ప్రతినిధి ఫారం గురించి చెప్పాను. మళ్లీ జబ్బు ముదిరి తను నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే తన తరఫున ఎవరు నిలబడాలో పెద్దవాళ్లు తెల్ల కాగితం మీద ముందే రాసిపెట్టుకోవచ్చు. తల్లి పేరు రాస్తాడనుకున్నాను. కాసేపు పెన్ను ఆడించి అవ్వ పేరు రాశాడు. తన గురించి అవ్వకు తెలియంది ఏముంది, తెలియనిదేదైనా ఉంటే తననే అడుగుతుంది కదా అన్నాడు. స్టాంపు ప్యాడ్ తెచ్చి ముందు పెట్టాను. అవ్వ ఎడమ బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుని, కాగితం మీదికి వంగి, మనవడి సంతకం పక్కన ఖాళీ చూపిస్తూ, "యాడెయ్యాల, ఈడనేనా?" అంది.